నెగెటివ్ రిపోర్టూ, ఎంగిలి జ్వరమూ

"టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి" అన్న మాటకి ఎంత విలువివ్వాలో మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ టెస్టు ఎక్కడ వెతికిందో అక్కడ, ఎప్పుడు వెతికిందో అప్పుడు, ఏం వెతకమన్నామో అది దొరకలేదు. అంతవరకే దాని పూచీ. రిలీజు రోజు రాత్రి రెండింటికి ఫోనొస్తే "కానీ టెస్టులన్నీ పాసయ్యాయండీ" అంటే ఏ మేనేజరూ ఊరుకోడు.

ఇంత తెలిసినవాళ్ళం, రక్తపరీక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిన్నపిల్లలమైపోతాం. కాగితం మీద 'నెగెటివ్' అని కనిపిస్తే "హమ్మయ్య, అది కాదన్నమాట", 'పాజిటివ్' అని కనిపిస్తే "ఇంకేముంది, అదే". ఆ టెస్టు ఏం చూస్తుంది, జ్వరం మొదలైన ఎన్నో రోజున చూసింది, ఎంతమందిలో తప్పుతుంది... ఇవేవీ అడగం. ఓ జ్వరం పుణ్యమా అని మా ఇంట్లో ఈ ప్రశ్నలన్నీ అడగాల్సొచ్చింది. ఈ టపా దాని గురించే.

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. మెకానికల్ చదివి కోడు రాసుకుని బతికే బాపతు. ఇందులోది చదివి ఎవరూ సొంత వైద్యం చేసుకోవద్దు. మీ డాక్టర్ని నాలుగు మంచి ప్రశ్నలు అడగడానికి పనికొస్తే చాలు.

జబ్బు పేరు ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్. నోరు తిరగదు కాబట్టి 'మోనో' అందాం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అనేదాని వల్ల వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని ముద్దుపేరుగా 'కిస్సింగ్ డిసీజ్' అంటారు, ఎందుకంటే ఉమ్ములోంచి అంటుకుంటుంది. మనకి అంతకంటే మంచి మాట ఎప్పట్నుంచో ఉంది: ఎంగిలి. చిన్నప్పుడు జామకాయ మీద చొక్కా అంచు కప్పి కొరికి "కాకెంగిలిలే, తిను" అని పక్కవాడికి ఇచ్చేవాళ్ళం గుర్తుందా? వైరస్సుకి ఆ మినహాయింపు తెలియదు. మన దేశంలో చాలామందికి ఇది పసితనంలోనే అంటుకుంటుంది, ఆ వయసులో మామూలు జలుబులాగానో, అసలేమీ లేకుండానో పోతుంది. వైరస్ మాత్రం ఒంట్లో జన్మంతా ఉండిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా దీన్ని మోస్తున్నవాళ్ళే. చిన్నప్పుడు తప్పించుకుని పదిహేను-పాతికేళ్ళ మధ్య మొదటిసారి తగిలితేనే అసలు పేచీ: విడవని జ్వరం, మింగలేనంత గొంతునొప్పి, మెడలో బిళ్ళలు, మంచం దిగలేనంత నీరసం. మన దగ్గర ఆ వయసులో ఇది అంత తరచుగా కనిపించదు కాబట్టి, జ్వరమనగానే డాక్టర్లకి ముందు గుర్తొచ్చేవి మలేరియా, డెంగీ, టైఫాయిడ్. అందులో వాళ్ళ తప్పేం లేదు. ఉత్తరాంధ్రలో ఆ మూడింటికీ కరువు లేదు మరి.

2023 నవంబరు. దీపావళి సెలవులకి మా తమ్ముడు హాస్టల్ నుంచి భీమిలి వచ్చాడు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, కాలేజీ కబడ్డీ టీములో రైడర్. వచ్చిన రెండోరోజే జ్వరం. మూడోరోజుకి మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు. దగ్గర్లోని క్లినిక్కులో గొంతు చూసి, టాన్సిల్స్ మీద తెల్లగా ఉందని అమాక్సిసిల్లిన్ ఇచ్చారు. అయిదోరోజుకీ తగ్గకపోతే రక్తం తీశారు. మలేరియా నెగెటివ్, డెంగీ నెగెటివ్, వైడాల్ 1:160. "టైఫాయిడండీ, రోజుకో ఇంజక్షను, పద్నాలుగు రోజులు" అన్నారు. ఆరోరోజు పొద్దున్న లేచేసరికి ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు. మా అమ్మ చూసి, "ఒరే, ఇది జొరం కాదురా, అమ్మవారు పోసినట్టుంది" అని గుమ్మానికి వేపమండలు కట్టేసింది.

వైడాల్ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే మన ఊళ్ళలో సగం 'టైఫాయిడ్'లు దీని చలవే. 1896లో ఫ్రాన్సులో జార్జ్ ఫెర్నాండ్ వైడాల్ అనే ఆయన కనిపెట్టిన పరీక్ష. టైఫాయిడ్ బాక్టీరియా మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూస్తుంది. గొడవేమిటంటే, టైఫాయిడ్ తిరుగాడే ప్రాంతంలో పెరిగినవాళ్ళలో, టీకా వేయించుకున్నవాళ్ళలో, ఎప్పుడో ఒకసారి వచ్చిపోయినవాళ్ళలో, ఆఖరికి వేరే జ్వరాలతో ఉన్నవాళ్ళలో కూడా ఆ అంకె కాస్త పెరిగి కనిపించొచ్చు. అందుకే ఒక్కసారి తీసిన వైడాల్ మీద నిర్ణయం చెయ్యకూడదనీ, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు తీసి అంకె నాలుగింతలైందేమో చూడాలనీ పుస్తకాలు చెప్తాయి. అన్నిటికంటే నమ్మదగింది బ్లడ్ కల్చర్. కానీ కల్చర్‌కి రోజులు పడుతుంది. వైడాల్‌కి తక్కువ ఖర్చు, సాయంత్రానికి కాగితం. ఏది గెలుస్తుందో మీకు తెలుసు.

ఏడోరోజు వాడిని బండిలో వేసుకుని బీచ్ రోడ్డు మీదుగా వైజాగ్ తీసుకెళ్ళాం. కేజీహెచ్ డౌన్‌లో అడుగడుక్కీ ఓ లాబ్, ఓ మందుల షాపు. ఆ చుట్టుపక్కలే ప్రాక్టీసు చేసే ఒక పెద్దాయన దగ్గరికి, మా బాబాయి పరిచయంతో వెళ్ళాం. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి ముందు మెడ తడిమారు. ముందువైపు కాదు, వెనకవైపు. తరవాత పడుకోబెట్టి ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టి "గట్టిగా గాలి పీల్చు బాబూ" అన్నారు. అంగిట్లో టార్చి వేసి చూశారు. దద్దుర్లు చూసి, "అమాక్సిసిల్లిన్ మొదలెట్టి ఎన్ని రోజులైంది?" అని అడిగారు. అప్పుడు మొదటిసారి మోనో అన్న మాట విన్నాం.

మోనో ఉన్నవాళ్ళకి ఆంపిసిల్లిన్, అమాక్సిసిల్లిన్ ఇస్తే ఇలా దద్దుర్లు రావడం తెలిసిన సంగతేనట. పాత పుస్తకాలు నూటికి 80-90 మందికి వస్తాయని రాశాయి. తరవాతి పరిశీలనల్లో అది మూడోవంతు దాకానే తేలింది. ఇందులో ఇంకో విషయం ఉంది. చాలామందిలో ఇది నిజమైన పెన్సిలిన్ ఎలర్జీ కాదు. ఆ ముక్క తెలియక ఫైలు మీద 'పెన్సిలిన్ ఎలర్జీ' అని రాసేస్తే జీవితాంతం ఒక మంచి మందు దూరమైపోతుంది.

మోనోకి మామూలుగా చేసే పరీక్ష చేయించారు. వేలెడంత కిట్టు, పది నిమిషాల పని. రిజల్టు: నెగెటివ్.

ఆ పరీక్ష పుట్టుక తమాషాగా ఉంటుంది. 1932లో అమెరికాలో పాల్, బన్నెల్ అనే ఇద్దరు డాక్టర్లు అసలు వేరే జబ్బు మీద పనిచేస్తూ, మోనో రోగుల సీరం గొర్రె ఎర్రరక్తకణాలని గడ్డలు కట్టిస్తోందని గమనించారు. గొర్రెకీ ఈ జబ్బుకీ సంబంధం ఏమీ లేదు. వైరస్ వచ్చి బి-కణాలని రెచ్చగొడితే, అవి వైరస్ మీద యాంటీబాడీలతో పాటు ఊరూపేరూ లేని యాంటీబాడీలని కూడా కుప్పలుగా తయారుచేస్తాయి. అందులో కొన్ని జంతువుల ఎర్రకణాలకి అతుక్కుంటాయి. వీటినే హెటెరోఫైల్ యాంటీబాడీలు అంటారు. అసలు ఆ వైరస్ ఒకటుందని ప్రపంచానికి తెలిసిందే 1964లో. అంటే కారణం తెలియడానికి ముప్పై రెండేళ్ళ ముందే పరీక్ష వచ్చేసింది! తరవాత గొర్రె పోయి గుర్రం కణాలు వచ్చాయి, ఇప్పుడు కిట్లు వచ్చాయి. వెతికేది మాత్రం అదే.

మన భాషలో చెప్పాలంటే, డేటాబేసు పడిపోయిందా లేదా అని తెలుసుకోడానికి డేటాబేసుని కాకుండా సర్వర్ గదిలో ఫాను చప్పుడు వినడంలాంటిది. చాలాసార్లు పనిచేస్తుంది. చప్పుడు లేదంటే మాత్రం ఏమీ తేలలేదని అర్థం. జబ్బు మొదలైన మొదటివారంలో ఈ పరీక్ష నిజమైన మోనో రోగుల్లో నూటికి పాతికమంది వరకు నెగెటివ్ చూపిస్తుంది. రెండోవారంలో ఆ సంఖ్య 5-10కి, మూడోవారంలో 5 దగ్గరికి దిగుతుంది. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా నాలుగేళ్ళ లోపు వాళ్ళలో, ఇంకా ఎక్కువ తప్పుతుంది. కొద్దిమంది పెద్దవాళ్ళలో ఈ యాంటీబాడీలు ఎప్పటికీ రావు.

ఒక ఊహా లెక్క వేద్దాం. మా తమ్ముడిలాంటి లక్షణాలున్న వందమందిని తీసుకుని, అందులో 50 మందికి మోనో ఉందనుకుందాం. మొదటివారంలో పరీక్ష చేస్తే ఆ 50లో దాదాపు 12 మంది నెగెటివ్‌గా తప్పిపోతారు. మోనో లేని 50 మందీ నెగెటివ్ వచ్చారనే అనుకుందాం. మొత్తం నెగెటివ్ కాగితాలు 62, అందులో 12 మందికి జబ్బుంది. అంటే ప్రతి అయిదు నెగెటివ్‌లలో ఒకటి అబద్ధం. ప్రతి అయిదు బిల్డుల్లో ఒకదాన్ని తప్పుగా పాస్ చేసే టెస్టుని నమ్మి ప్రొడక్షన్‌కి పంపుతారా?

ఇంతలో కథ ఇంకో మలుపు తిరిగింది. అదేరోజు చేసిన బ్లడ్ కౌంటులో తెల్లకణాలు 17,200, అందులో లింఫోసైట్లు 66 శాతం. మెషీను కొన్ని కణాలని గుర్తుపట్టలేక జెండా ఎత్తింది. లాబ్ వాళ్ళు కింద ఒక లైను రాశారు: అసాధారణ కణాలు ఉన్నాయి, హెమటాలజిస్టుని సంప్రదించండి. ఆ లైను చదివాక మా నాన్న మాట్లాడ్డం మానేశారు. తెల్లకణాలు, అసాధారణం, హెమటాలజిస్టు... ఈ మూడు మాటలూ నెట్‌లో కొడితే ఏ జబ్బు వస్తుందో మీకు తెలుసు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు.

మర్నాడు పెద్దాయన చేసింది చిన్నపని. "మెషీను మాట వద్దు, స్లైడు మనిషితో చూపిద్దాం" అని తనకి తెలిసిన పాథాలజిస్టుకి పంపారు. ఆవిడ అద్దం మీద రక్తం పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి ఫోన్లోనే చెప్పారు. కణాలు ఒకదానిలా ఒకటి లేవు, రకరకాలుగా ఉన్నాయి. పెద్దవిగా, నీలంగా, పక్కనున్న ఎర్రకణాలకి ఒత్తుకుని అంచులు వంగిపోయి ఉన్నాయి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి. లుకేమియా కణాలైతే సాధారణంగా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, ఇవి వైరస్‌తో పోరాడుతున్న లింఫోసైట్లు. "నూటికి ఇరవై దాకా ఉన్నాయి సార్, మోనో అనుకోండి" అన్నారు.

ఈ కణాలనే డౌనీ కణాలంటారు. హాల్ డౌనీ వీటిని వివరంగా వర్ణించింది 1923లో. మా వైజాగ్ ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలైంది కూడా ఆ సంవత్సరమే. మోనోన్యూక్లియోసిస్ అన్న పేరు అంతకు మూడేళ్ళ ముందు, 1920లో, స్ప్రంట్, ఎవాన్స్ అనే వాళ్ళు పెట్టారు. వాళ్ళ దగ్గర కిట్లు లేవు, వైరస్ సంగతి తెలియదు, మైక్రోస్కోపు ఉంది. ఆ మాటకొస్తే 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ పట్టుకున్నదీ మైక్రోస్కోపులో కళ్ళు పెట్టే. ఇవాళ కూడా లింఫోసైట్లు సగానికి పైగా ఉండి, అసాధారణమైనవి పదిశాతం దాటి ఉంటే, గొంతునొప్పి జ్వరంతో వచ్చిన కుర్రాడిలో మోనో అని గట్టిగా అనుమానించాలన్నది పాత సూత్రమే. స్లైడు చూడ్డానికయ్యే ఖర్చు వైడాల్ ఖర్చుకి అటూఇటూగా ఉంటుంది.

ఇప్పుడు అసలు వైరస్ మీదే పుట్టే యాంటీబాడీల పరీక్ష. ఇది మూడు భాగాలు. మొదటిది వీసీఏ ఐజీఎం: జబ్బు మొదలైనప్పుడు వస్తుంది, నాలుగారు వారాల్లో మాయమవుతుంది. రెండోది వీసీఏ ఐజీజీ: కాస్త వెనకగా వచ్చి, జన్మంతా ఉంటుంది. మూడోది ఈబీఎన్ఏ ఐజీజీ: జబ్బు వచ్చిన రెండు నుంచి నాలుగు నెలలకి గానీ రాదు, వచ్చాక పోదు. ఈ మూడోది చాలా తెలివైన సాక్షి. జ్వరం ఉన్నప్పుడే ఇది పాజిటివ్ వచ్చిందంటే, వైరస్ ఎప్పుడో పాతది, ఇప్పటి జ్వరానికి కారణం వేరే ఉందని అర్థం. ఇక్కడ నెగెటివ్ రావడమే కొత్త జబ్బుకి సాక్ష్యం!

శాంపిలు బయటి ఊరు లాబ్‌కి వెళ్ళి మూడ్రోజులకి జవాబొచ్చింది. ఐజీఎం బోర్డర్‌లైన్. ఐజీజీ నెగెటివ్. ఈబీఎన్ఏ నెగెటివ్. కిట్టు నెగెటివ్ సరే, ఇదీ తేల్చలేదు. మా తమ్ముడు కాగితం చేత్తో పట్టుకుని అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "అన్నయ్యా, రెండూ రాలేదు కదా. నాకు మోనో లేదు. పదహారో రోజున టోర్నమెంటు. నేను ఆడతాను."

పెద్దాయన ఒప్పుకోలేదు. మోనోలో చాలామందికి ప్లీహం వాస్తుంది. వాచిన ప్లీహం మీద దెబ్బ తగిలితే, ఒక్కోసారి తగలకపోయినా, పగలొచ్చు. జరిగేది అరుదే, నూటికి ఒకరికంటే తక్కువ. కానీ జరిగితే కడుపులో రక్తం పోయి ప్రాణం మీదికొస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నాలుగు వారాల్లోనే జరుగుతుంది. కబడ్డీలో రైడర్ని ఏడుగురు కలిసి పడేస్తారు, ఎవరి మోకాలు ఎక్కడ దిగుతుందో తెలియదు. వాడి ప్లీహం చేతికి తగులుతోంది, స్కానింగులోనూ పెద్దదిగానే ఉంది.

ఆ సాయంత్రం భీమిలి బీచ్‌లో కూర్చుని వాడికి నాకు తెలిసిన భాషలో చెప్పాను. "ఒరే, మోనో ఉందని ఏ కాగితమూ చెప్పలేదు, నిజమే. లేదని కూడా ఏ కాగితమూ చెప్పలేదు. నువ్వు ఆడకపోయి, ఆఖరికి మోనో కాదని తేలితే పోయేది ఒక టోర్నమెంటు. నువ్వు ఆడి, మోనో అని తేలితే పోయేదేంటో అమ్మకి నేను చెప్పలేను." వాడు చాలాసేపు సముద్రం కేసి చూసి, "ఆఖరి సంవత్సరం కదన్నయ్యా" అన్నాడు. అంతకుమించి ఏం మాట్లాడలేదు. టోర్నమెంటుకి వెళ్ళలేదు. వాళ్ళ టీము సెమీస్‌లో ఓడిపోయింది. ఆ బాధ నిజమైనది, దాన్ని ఏ లెక్కా తీర్చదు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి, రాయడమే మంచిదనిపించింది, వాడి అనుమతితోనే రాస్తున్నాను. పెద్దాయన మమ్మల్నందర్నీ బయటికి పంపి, వాడితో ఒంటరిగా మాట్లాడి, హెచ్ఐవీ పరీక్షకి ఒప్పించారు. కొత్తగా సోకిన హెచ్ఐవీ అచ్చం మోనోలాగే కనిపిస్తుంది: జ్వరం, గొంతు, బిళ్ళలు, దద్దుర్లు. మోనో పరీక్షలు నెగెటివ్ వచ్చిన కుర్రాళ్ళలో దీన్ని చూడకుండా వదిలేయకూడదట. అందులోనూ ఇదే తిరకాసు ఉంది. మొదటి వారాల్లో యాంటీబాడీ ఒక్కటే చూసే పరీక్ష నెగెటివ్ రావచ్చు. వైరస్ తాలూకు పి24 అనే ప్రోటీనుని కూడా కలిపి చూసే నాలుగోతరం పరీక్ష దాన్ని ముందుగా పట్టుకుంటుంది. అయినా అనుమానం ఉంటే కొన్ని వారాల తరవాత మళ్ళీ చెయ్యాలి. మనిషి అనుమతి లేకుండా ఈ పరీక్ష చెయ్యకూడదని 2017 నాటి చట్టం చెప్తోంది. ప్రభుత్వాసుపత్రుల్లోని కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. వాడికి నెగెటివ్ వచ్చింది, తరవాత రెండోసారి కూడా. "ఆ పరీక్ష మావాడికెందుకు?" అని మా అమ్మ నొచ్చుకుంటే, పెద్దాయన "అమ్మా, ఇది కూడా కాదని తెలిస్తేనే కదా మనం నిబ్బరంగా ఉండేది" అన్నారు. ఆయన గొంతులో ఏమాత్రం తేడా లేదు, వైడాల్ గురించి చెప్పినట్టే చెప్పారు.

ఇవి కాక ఈ వేషం వేసే జబ్బులు ఇంకా ఉన్నాయి. సైటోమెగలో వైరస్ అందులో ముఖ్యమైనది. అందులో గొంతునొప్పి తక్కువ, జ్వరం ఎక్కువ రోజులు. టాక్సోప్లాస్మా, అడినోవైరస్, హెచ్‌హెచ్‌వీ-6 ఉండనే ఉన్నాయి. టైఫాయిడ్ సంగతి తేల్చడానికి కల్చర్ కూడా పంపారు. అయిదు రోజులకీ ఏమీ పెరగలేదు. "అప్పటికే యాంటీబయాటిక్ పడింది కాబట్టి దీన్నీ పూర్తిగా నమ్మను, కానీ మనిషి రోజురోజుకీ తేరుకుంటున్నాడు, అది నమ్ముతాను" అన్నారాయన. పద్నాలుగు రోజుల ఇంజక్షన్లు పడలేదు. మోనోకి విరుగుడు మందు లేదు. విశ్రాంతి, మంచినీళ్ళు, జ్వరానికి పారాసెటమాల్. అంతే వైద్యం.

పంతొమ్మిదోరోజు రెండోసారి రక్తం తీశారు. ఐజీఎం పాజిటివ్. ఐజీజీ పాజిటివ్. ఈబీఎన్ఏ నెగెటివ్. అదీ సంగతి. మొదటి కాగితం ఒక్కటే చూస్తే అయోమయం, రెండోది ఒక్కటే చూసినా కథ సగమే. రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే ఇంక వాదన లేదు. లేని ఐజీజీ పది రోజుల్లో పుట్టుకొచ్చింది.

ఇలాంటి తేడాతోనే ఈ వైరస్‌కీ మోనోకీ సంబంధం బయటపడిందని తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఫిలడెల్ఫియాలో వెర్నర్, గెర్ట్రూడ్ హెన్లే అనే భార్యాభర్తలు ఈ వైరస్ మీద పనిచేసేవారు. వాళ్ళ లాబ్‌లో ఒక టెక్నీషియన్‌కి ఈ వైరస్ యాంటీబాడీలు లేవు, అందుకే ఆమె రక్తాన్ని 'నెగెటివ్' నమూనాగా వాడుకునేవారు. 1967లో ఆమెకి జ్వరం వచ్చింది, మోనో. తిరిగొచ్చాక ఆమె రక్తం చూస్తే పాజిటివ్! ముందూ వెనకా రెండు శాంపిళ్ళూ చేతిలో ఉన్నాయి కాబట్టి దొరికింది. 1968లో ఆ పరిశోధన అచ్చయింది.

మావాడి జ్వరం పద్నాలుగోరోజుకి దిగింది. నీరసం సంక్రాంతి దాకా ఉంది. మెట్లెక్కితే ఆయాసం, రోజుకి పన్నెండు గంటల నిద్ర. "పరీక్షలకి బద్ధకం" అని చుట్టాల్లో గుసగుసలు. మోనోలో కొన్ని వారాలు, కొందరిలో కొన్ని నెలలు అలసట ఉండటం మామూలే. టీముల్లో ఎవరైనా ఇలాంటి జ్వరం నుంచి లేచొస్తే, మెడికల్ సర్టిఫికెట్ తేదీ అయిపోయిన మర్నాడే ఆన్‌కాల్ వేసెయ్యకండి, పుణ్యముంటుంది. మార్చిలో ఇంకోసారి ఈబీఎన్ఏ చేయించాను. పెద్దాయన అక్కర్లేదన్నారు. డబ్బులు నావి, కుతూహలం నాది. పాజిటివ్ వచ్చింది. ముగ్గురు సాక్షులూ వరసగా, చెప్పిన టైముకి వచ్చి చెప్పినట్టే చెప్పారు.

మీ ఇంట్లోనో మీ పీజీలోనో ఒక కుర్రాడో అమ్మాయో వారం దాటినా తగ్గని జ్వరంతో, గొంతునొప్పితో ఉంటే డాక్టర్ని అడగండి. ఈ పరీక్ష జ్వరం మొదలైన ఎన్నోరోజుది? ఇంత తొందరగా చేస్తే ఎంతమందిలో తప్పుతుంది? స్మియర్ ఎవరైనా కళ్ళతో చూశారా? మళ్ళీ ఎప్పుడు చేద్దాం? మంచి డాక్టర్లు ఈ ప్రశ్నలకి విసుక్కోరు. రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టండి, పాతవి పారెయ్యకండి. ఎడమ డొక్కలో గానీ ఎడమ భుజంలో గానీ ఉన్నట్టుండి నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తండి. ఊపిరి ఆడకపోయినా, ఉమ్ము కూడా మింగలేకపోయినా అంతే.

ఎవరి సీసాలోంచి తాగి తెచ్చుకున్నాడో మాత్రం తేలలేదు. తేలదు కూడా. అంటుకున్నాక బయటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, హాస్టల్లో ఆరు వారాల ఎంగిలి లెక్క ఎవరు చెప్పగలరు? "ముద్దుల జబ్బు అంటారటగా" అని మా పిన్ని అడిగితే మా అమ్మ సర్రున లేచి, "నీళ్ళ సీసా జబ్బు" అంది. వాడికి ఇప్పుడు సొంత సీసా ఉంది. మూత మీద పేరు కూడా రాసుకున్నాడు.